మెతోది ఇవ్వని ఫోటో

మెతోది బాబాయి ఫోటోలు నా దగ్గర వందలకొద్దీ ఉన్నాయి. ఒక్కదాంట్లో తప్ప వేటిలోనూ ఆయన మొహం లేదు.

తప్పు నాది కాదు, ఆయన వేషానిది. పాత పంచాంగం లెక్కన కొత్త సంవత్సరం వచ్చే జనవరి రోజున మా కొండ ఊళ్ళలో మగవాళ్ళు మేకతోళ్ళు తొడుక్కుని, నడుముకి గంటలు బిగించి, ఈకలూ కొమ్ములూ గుచ్చిన పెద్ద పెద్ద మాస్కులు పెట్టుకుని ఇంటింటి వాకిట్లోనూ ఆడతారు. దాన్ని సుర్వా అంటాం. స్తుదెన్ దోల్ ఊళ్ళో ఆ గుంపుకి పెద్ద మెతోది. పొద్దున్నే తన కొట్టంలో మాస్కు పెట్టుకున్నాడంటే చివరి వాకిలి అయ్యేదాకా తీయడు. ఎవరైనా వేడి రాకియా సారా ఇచ్చినా మాస్కు కిందనుంచి గొట్టం పెట్టుకుని తాగుతాడు. చెడుగుని తరిమేవాడి మొహం చెడుగు కంట పడకూడదని అక్కడివాళ్ళ పట్టింపు.

నేను పెర్నిక్ పట్నంలో ఉంటాను. పేరు జోర్నిత్సా. చలికాలపు వేషాలు, మంచు కప్పిన మఠాలు, గడ్డకట్టిన జలపాతాలు ఫోటోలు తీసి క్యాలెండర్లకీ పత్రికలకీ ఇస్తాను. మిగతా రోజుల్లో పై దేశాలనుంచి వచ్చే ఫోటోల పిచ్చివాళ్ళని వెంటేసుకుని అవే చోట్లకి తిప్పుతాను. వాళ్ళ లెన్సులు నా చేయంత పొడుగు, ఓపిక నా చిటికెన వేలంత. మంచు పడితే చలంటారు, పడకపోతే మంచేదంటారు. స్తుదెన్ దోల్‌లో ఏటి మీద పాత రాతి వంతెన ఒకటుంది, వెనక కొండ అంచున మూతబడిన మఠం. వేషగాళ్ళని ఆ వంతెన మీద నిలబెట్టి, మఠం వెనక పడేటట్టు తీయడమే వాళ్ళందరి కల. మెతోది ఎన్నడూ నిలబడలేదు. ఎవరైనా చేతులూపి ఆగమంటే చెక్కకత్తితో కాళ్ళ మీద ఒక్కటిచ్చి సాగిపోయేవాడు. ఆ దెబ్బలు తిన్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆయన భార్య నెవెనా. ఆమెని నేను పిన్నీ అంటాను. సుర్వాకి వెళ్ళినప్పుడల్లా నా కెమెరా సంచీ వాళ్ళ వంటింట్లోనే పెట్టుకునేదాన్ని, నా తిండీ అక్కడే. నోరు గట్టిది, చేయి పెద్దది. నేను తీసిన ఫోటోలు చూపిస్తే ముందు మెచ్చుకునేది, తర్వాత ఈ కొమ్ముల మనిషి తన మొగుడేనని నమ్మకమేంటి, లోపల మేకే ఉందేమో అనేది.

పోయిన ఏడాదికి ముందు ఏడు, ఆకులు రాలే కాలంలో, ఆమే ఫోన్ చేసి రమ్మంది. వెళ్ళేసరికి వంటింట్లో పొయ్యి పక్కన మంచం వేసి ఉంది. మనిషి సగమైపోయింది. కడుపులో గడ్డ అని, కోసినా లాభం లేదని ఆస్పత్రివాళ్ళు ఇంటికి పంపేశారట. వానొచ్చేటట్టుంది అన్నంత మామూలుగా చెప్పింది.  నన్ను ఏడవనివ్వలేదు, పని ఉందంది.

ఆ పని శ్మశానంలో ఉంది. మా వైపు మొగుడూ పెళ్ళాలకి ఒకటే రాయి. ముందు జాగ్రత్త ఉన్నవాళ్ళు బతికుండగానే చెక్కించుకుంటారు, పేర్లు, పుట్టిన సంవత్సరాలు వేయించి, ఆ పక్కన ఖాళీ వదిలి. నెవెనా పిన్నికి పిల్లల్లేరు. తమ తర్వాత ఆ పని చేసేవాళ్ళు ఉండరని రాయి ఎప్పుడో నిలబెట్టించేసింది. కోడిగుడ్డు ఆకారంలో రెండు గుంటలు పెట్టించి, ఎడమ పక్క దాంట్లో పింగాణీ మీద తన ఫోటో బిగించింది. జుట్టు బాగా కుదిరిన రోజున తీయించుకున్నది, అప్పటికి ముప్పై దాటి ఉంటాయంతే. కుడి పక్క గుంట ఖాళీ.

మెతోది ముందు నుంచీ తర్వాత చూద్దాంలే అంటూ వచ్చాడట. ఆమె జబ్బు పడ్డాక అసలు మాటే ఎత్తనివ్వడం లేదు. గుర్తింపు కార్డు కూడా ఎక్కడో దాచేశాడు. పెళ్ళి ఫోటో ఒకటుంది గానీ అందులో సరిగ్గా ఆ క్షణానికే తల తిప్పాడు, చెవి తప్ప ఏమీ కనపడదు.

నేను తేలిగ్గానే అన్నాను, అదెంత పని, కొట్టంలో గంటలు తోముకుంటుంటే కిటికీలోంచి తీసేస్తానని. ఆమెకి కోపం వచ్చింది.

"దొంగ మొహం నాకెందుకే? నా పక్కన ఎప్పటికీ ఉండాల్సిన మొహం. తనే ఇవ్వాలి. ఆ గుంట అలా నోరు తెరుచుకుని ఉంటే నేను అక్కడెలా పడుకోను?" అంది.

ఆమె భయం చావు కాదు, ఒంటరిగా పడుకోవడం. పిల్లల్లేరు, ముసలాడు తన తర్వాత ఎలాగూ పట్టించుకోడు, అతను పోయినప్పుడు ఊరివాళ్ళు ఎక్కడో ఒక చోట పూడ్చేస్తారు, తన పక్కన ఒక ఖాళీ గుంట మిగిలిపోతుంది. ఇదంతా చెబుతూ నా చేయి పట్టుకుంది. సరే అన్నాను. అనకుండా ఉండగలిగేవాళ్ళు ఉంటే వాళ్ళది నాకంటే గట్టి గుండె.

మెతోది కొట్టంలో ఉన్నాడు. ఆయన పొట్టి మనిషి, మాస్కు లేకపోతే సంతలో ఎవరూ రెండోసారి చూడరు. నా భుజాన కెమెరా చూడగానే చేతిలో ఉన్న మేకతోలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. చిన్నపిల్లాడి చేష్టలేంటి బాబాయ్ అని కేకలేశాను. పిన్ని ఏం అడిగింది, ఒక్క ఫోటో, నీ సొమ్మేం పోయిందని నిలదీశాను. తోలు వెనకనుంచే జవాబు చెప్పాడు.

"జోర్నా, అది గుమ్మాలు అలికి, బట్టలుతికి, పెరుగు తోడు వేసి గానీ ఊరికెళ్ళే మనిషి కాదు. అన్నీ అయిపోయాయి. ఇదొక్కటే మిగిలింది. నేనది ఇచ్చేస్తే ఇంక దేనికోసం ఆగుతుంది?"

నా కోపం అక్కడితో పోయింది. అయినా నచ్చజెప్పాను, మనం ఇచ్చినా ఇవ్వకపోయినా జబ్బు ఆగదన్నాను. ఆయన వినలేదు. ఆమె పోతే ఏడాదిపాటు ఈ ఇంట గంట మోగకూడదు, తాను వేషం కట్టకూడదు, మైల ఉన్న వాకిలి ముందునుంచి గుంపు కూడా గంటలు చేత్తో నొక్కి పట్టుకుని పోతుంది, అది ఆనవాయితీ అన్నాడు. ఏడాది గడిచాక తానుండి మాత్రం ఎవరికి, మాస్కు పొయ్యిలో పెట్టేస్తానన్నాడు. బెదిరింపు కాదది. నిర్ణయమైపోయిన సంగతి చెప్పినట్టు చెప్పాడు.

ఇటు చూస్తే ఆమె, అటు చూస్తే ఈయన. మధ్యన నేను, పనికిరాని కెమెరాతో. పట్నం వెళ్ళిపోయాను.

డిసెంబరులో రెండుసార్లు వెళ్ళాను. రెండోసారి వెళ్ళినప్పుడు నెవెనా పిన్ని దిండుకి ఆనుకుని కూర్చుని ఉపాయం చెప్పింది. సుర్వా రోజున గుంపు వాకిట్లో ఆడాక, పెద్ద ముందుకొచ్చి ఇంటామెకి ఏం కావాలని అడగాలి. ఆవు ఈనాలనో, పిల్లకి పెళ్ళి కావాలనో ఇంటామె ఒక కోరిక చెబుతుంది. పెద్ద 'అలాగే' అని మూడుసార్లు నేల తన్నాలి. కాదనే హక్కు ఆయనకి లేదు. స్తుదెన్ దోల్ పుట్టినప్పటి నుంచి ఏ పెద్దా కాదనలేదు. గుంపు పెద్ద సొంత ఇల్లు ఎప్పుడూ చివరి వాకిలి. ఈసారి మెతోది తన వాకిట్లోకి వచ్చి ఏం కావాలని అడుగుతాడు గదా, అప్పుడు మాస్కు తీసి కెమెరా ముందు నిలబడమంటుంది. ఊరంతా చూస్తుండగా. ఎలా తప్పించుకుంటాడో చూస్తానంది.

అన్నేళ్ళుగా ప్రతి కొత్త సంవత్సరానికీ ఆ వాకిట్లో నిలబడి ఆమె మొగుణ్ణి ఏం కోరిందని అడిగాను. ఎప్పుడూ ఒకటే, మిరపకాయలు బాగా కాయాలని. అడిగి తీసుకోవాల్సినంత పెద్ద కోరిక ఎప్పుడూ రాలేదంది.

సుర్వాకి ముందు రోజు ఆమె తిండి పూర్తిగా మానేసింది. పక్కింటి స్పాస్కా కబురు చేస్తే నేను తెల్లవారకముందే బయల్దేరాను, వెంట నలుగురు ఫోటోల పిచ్చివాళ్ళు. వాళ్ళని వద్దనలేను, ఎప్పుడో మాటిచ్చాను. వాళ్ళలో వౌటర్ అని బెల్జియం ఆయన, పళ్ళ డాక్టరుగా చేసి మానేశాడు. మంచివాడే గానీ వంతెన, వెలుగు, వంతెన, వెలుగు అని దారంతా నా ప్రాణం తీశాడు. ఊళ్ళోకి దిగగానే వాళ్ళకి గంటల చప్పుడు వెంట పొమ్మని, ఏట్లో మాత్రం పడొద్దని చెప్పి నేను నెవెనా పిన్ని దగ్గరికి వెళ్ళిపోయాను. మెతోది అప్పటికే మాస్కులో ఉన్నాడు. కొట్టం ముందు కొమ్ములూ ఈకలూ మేకవెంట్రుకలూ ఒక పెద్ద గుట్టలా కదిలాయి. నాకేసి చూశాడో లేదో తెలియదు.

స్పాస్కా పొయ్యిలో కట్టెలు పెడుతూ రాత్రి జరిగింది చెప్పింది. మంచం మీద పడుకునే నెవెనా మెతోది పటకాకి గంటలు బిగించి కట్టిందట. కడుతూ మొగుడితో, భయపడకు, గంటలు నా వాకిట్లోకి వచ్చేదాకా ఉంటాను, ఆ తర్వాత నా ఇష్టం అందట. 

నేను కెమెరా సిద్ధం చేసుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను. నెవెనా కళ్ళు మూసుకుని గంటలు వింటోంది. చప్పుడు బట్టి గుంపు ఎవరి వాకిట్లో ఉందో చెప్పగలదు. మిల్లువాళ్ళింట్లో ఉన్నారంది. తర్వాత కమ్మరివాళ్ళింట్లో. స్పాస్కా జున్ను పెట్టి కాల్చిన బనిత్సా రొట్టె ఒక ముక్క నా చేతిలో పెట్టింది. బయట వెలుగు బాగుంది, మంచు కొత్తగా పడి ఉంది, నా వృత్తికి అంతకంటే మంచి రోజు ఉండదు. ఆ రోజున నాకు వంతెనా అక్కర్లేదు, మఠమూ అక్కర్లేదు. ఆ గంటలు తొందరగా మా వైపు మళ్ళితే చాలనిపించింది.

మళ్ళలేదు. మధ్యాహ్నం దాటింది. నెవెనా కళ్ళు తెరిచి మళ్ళీ మిల్లువాళ్ళింటికే పోయారేంటంది. తప్పు విన్నావులే అని స్పాస్కా అంది. కాదు, అదే వాకిలి, అక్కడ గోడ దగ్గరగా ఉంటుంది, చప్పుడు తిరిగొస్తుంది అంది నెవెనా. కాసేపటికి గంటలు ఏటి వైపు దిగాయి. అక్కడే ఉండిపోయాయి. ఆమె ఊపిరి చిన్నదైపోతోంది. ఒక్కోసారి ఆగి, మేము లేచి దగ్గరికి వెళ్ళేసరికి మళ్ళీ వస్తోంది.

అంతలో వౌటర్ చేతులు కాచుకోవడానికి లోపలికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మీ పెద్ద దేవుడంటే నమ్మండి అన్నాడు. ఎవరు ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు వంతెన మీద ఆడుతున్నాడట. మబ్బు అడ్డం వస్తే పోయేదాకా ఆగుతున్నాడట. ఇక చాలని వీళ్ళే అన్నా, ఆయనే చేతులూపి ఇంకోసారి తీసుకోమంటున్నాడట. గుంపులో పెళ్ళికూతురి వేషం కట్టిన కుర్రాడు ఇంక ఇళ్ళకి పోదాం తాతా అంటే చెక్కకత్తితో వీపు మీద ఒకటిచ్చాడట.

అతనేమంటున్నాడని నెవెనా అడిగింది. చెప్పాను. అన్నేళ్ళుగా ఫోటోల వాళ్ళని తరిమిన మనిషి వంతెన మీద నిలబడి ఫోటోలిస్తున్నాడంటే నమ్మదేమో అనుకున్నాను. ఆమె కాసేపు పైకప్పుకేసి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుకి దగ్గొచ్చి, దగ్గుకి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి.

"గాడిద. వాకిట్లోకి వచ్చేదాకా ఉంటానన్నాను గదా, అందుకని రావడం మానేశాడు" అంది.

నేనూ స్పాస్కా మొహమొహాలు చూసుకున్నాం. నిజమే. ఆ మనిషి లెక్క అంత తేలికైనది. తను రాకపోతే ఆమె పోదు. ఊరి చుట్టూ తిరుగుతూ, ఆడిన వాకిట్లోనే మళ్ళీ ఆడుతూ, తెలియని మనుషులకి ఫోటోలిస్తూ చీకటిపడేదాకా, అవసరమైతే రేపటిదాకా లాగుదామనుకున్నాడు. నాకు ఆయన్ని పట్టుకుని కొట్టాలనిపించింది. పట్టుకుని ఏడవాలనీ అనిపించింది.

నెవెనా కట్టెల బండి తెమ్మంది. అది కొండ మీదనుంచి కట్టెలు లాక్కొచ్చే చక్రాల్లేని బండి, మంచు మీద జారుతుంది. స్పాస్కా ససేమిరా ఒప్పుకోలేదు, దారిలోనే పోతావంది. పోతే పోతాను, వంతెన దగ్గర పోతాను, ఈ గదిలో ఎదురుచూస్తూ మాత్రం పోను అంది నెవెనా. ఆ గొంతు నాకు తెలుసు. దానికి ఎదురు చెప్పినవాళ్ళని నేను చూడలేదు. బండి మీద పరుపు వేసి, ఉన్న రగ్గులన్నీ చుట్టి ఆమెని పడుకోబెట్టాం. వౌటర్‌కి ఏం జరుగుతోందో అర్థం కాకపోయినా తాడు పట్టుకుని నాతోపాటు లాగాడు. ఆ మేలు మర్చిపోను.

వంతెన మీద గుంపు ఆడుతోంది. మిగతా ముగ్గురు ఫోటోల వాళ్ళు మంచులో మోకాళ్ళ మీద ఉన్నారు. ముందు పెళ్ళికూతురి వేషం కుర్రాడు మమ్మల్ని చూసి ఆగాడు, తర్వాత ఒక్కొక్కరే ఆగారు. చివరికి మెతోది గంటలు ఒక్కటే మోగాయి. అవీ ఆగాయి. నెవెనా తల కొంచెం ఎత్తింది.

"మెతోదీ, ఆడింది చాలు. మొహం చూపించు."

మాస్కు లోపలనుంచి గొంతు బొంగురుగా వచ్చింది. "కోరిక వాకిట్లో అడగాలి. ఇది వంతెన."

"అయితే వాకిట్లోకి రా."

"వస్తా."

"ఎప్పుడు?"

 ఆయన నడుముకున్న గంటలు చిన్నగా కదులుతున్నాయి. లోపల మనిషి వణుకుతున్నాడని అప్పుడు తెలిసింది.

"రేపు" అన్నాడు.

 నెవెనా తల మళ్ళీ పరుపు మీద వాల్చేసింది. ఆయన్నే చూస్తూ, పొద్దున్నే పాలు తెమ్మన్నంత మామూలు గొంతుతో అంది.

"చలేస్తోంది మెతోదీ."

ఆయన ఒంటి మీద ఉన్న మేకతోలు ఊళ్ళోకెల్లా వెచ్చనిది. అది విప్పాలంటే ముందు గంటల పటకా విప్పాలి, దానికి ముందు మాస్కు తీయాలి. ఆయన క్షణం కూడా ఆలోచించలేదు. రెండు చేతులతో మాస్కు పైకెత్తి మంచు మీద పడేశాడు. మంచులో ఈకలు విరిగిన చప్పుడు నాకు వినపడింది. పటకా ఊడదీశాడు. తోలు విప్పి, ఒట్టి చొక్కాతో నిలబడి, ఆమె మీదికి వంగి మెడ కిందనుంచి పాదాలదాకా చుట్టాడు. నెరిసిన జుట్టంతా చెమటకి నుదుటికి అంటుకుపోయి ఉంది. ఒంటినుంచి ఆవిర్లు లేస్తున్నాయి. బుగ్గల మీద తాళ్ళ ముద్రలు. ఏడుస్తున్నాడు, ఎప్పటినుంచి ఏడుస్తున్నాడో. చుట్టడం అయ్యాక కూడా అలాగే వంగి ఆమెకేసి చూస్తూ ఉండిపోయాడు.

"ఇప్పుడు తియ్యి జోర్నా" అంది నెవెనా, నాకేసి చూడకుండానే.

తీశాను. నా పక్కన వౌటర్ చేయి కూడా కెమెరా మీదికి పోయింది. అతని లెన్సుకి నా అరచేయి అడ్డం పెట్టి ఇది నీకు కాదన్నాను. మర్యాదస్తుడు, కెమెరా సంచీలో పెట్టేశాడు.

ఆమెకి నిజంగా చలేసిందో, ఆయన చేత మాస్కు తీయించడానికి ఎత్తు వేసిందో నాకు ఈనాటికీ తెలియదు. ఆ తర్వాత అడిగే సందర్భం రాలేదు. అడిగినా చెప్పేది కాదు.

మెతోది నాకేసి తిరిగాడు. తీశావా అని అడిగాడు. తీశాను బాబాయ్, వద్దంటే చెరిపేస్తాను అన్నాను. అది ఉత్తమాట కాదు. దొంగ మొహం వద్దని ఆమె చెప్పిన మాట నాకు గుర్తుంది. ఆయన నెవెనాకేసి చూశాడు. చాలాసేపు చూశాడు. మోచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు.

"ఉండనీ" అన్నాడు.

నెవెనా చూపించమంది. కెమెరా ఆమె మొహం దగ్గరగా పట్టుకున్నాను. కళ్ళు చికిలించి చూసి, అయ్యో ఎంత ముసలాడివైపోయావురా, నా ఫోటో పక్కన పెడితే మా నాన్న అనుకుంటారు అంది. పెళ్ళికూతురి వేషం కుర్రాడు ఫక్కుమని, వెంటనే నోరు మూసుకున్నాడు. మెతోది కూడా ఆ ఏడుపు మొహంతోనే నవ్వాడు.

ఆ తర్వాత ఎవరూ ఆయనకి ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. మాస్కు మంచులోంచి తీసి దులిపి పెట్టుకున్నాడు. పటకా చొక్కా మీదనే బిగించుకున్నాడు. బండి తాడు భుజాన వేసుకుని, ఎవరినీ చేయి వేయనివ్వకుండా, ఏటవాలు దారిలో ఆమెని ఇంటికి లాక్కెళ్ళాడు. అడుగడుక్కీ గంటలు మోగాయి. వెనక గుంపంతా నడిచింది. ఇళ్ళలోంచి జనం బయటికొచ్చి వెంట నడిచారు.

వాకిట్లో బండి ఆపి, ఆమె ముందు ఆడాడు. ఆయన మోకాళ్ళు బాగా లేవు, పొద్దున్నుంచి వంతెన మీద ఆడీ ఆడీ అలిసిపోయి ఉన్నాడు. అయినా అంత గట్టిగా ఆడగా నేనెప్పుడూ చూడలేదు. ఆడి, పద్ధతి ప్రకారం ముందుకొచ్చి నిలబడ్డాడు.

"ఇంటామెకి ఏం కావాలి?"

ఆమె అడగాల్సింది వంతెన దగ్గరే తీరిపోయింది. ఇంక మిరపకాయలే అడుగుతుందేమో అనుకున్నాను. నెవెనా మేకతోలులోంచి చేయి బయటపెట్టి వాకిలంతా చూపించింది.

"వచ్చే సుర్వాకి ఇక్కడ నువ్వే ఆడాలి. ఏది ఎలా ఉన్నా సరే."

 ఆమె ఏం అడిగిందో అక్కడున్న అందరికీ తెలుసు. వచ్చే సుర్వాకి ఆ ఇల్లు మైలలో ఉంటుంది. గంట మోగకూడదు. ఆయన బతికే ఉండాలి, మాస్కు పొయ్యిలో పెట్టకూడదు, ఏడాదంతా లేచి తిరగాలి, మేకతోళ్ళు ఎండబెట్టుకోవాలి, విరిగిన ఈకలు తీసి కొత్తవి గుచ్చుకోవాలి. కాదనే హక్కు పెద్దకి లేదు. కొట్టంలో ఆయన నాతో చెప్పింది ఆమెకి నేను చెప్పలేదు. మొగుడి మనసులో మాట ఆమెకి ఇంకొకరు చెప్పాల్సిన పని ఎన్నడూ లేదు.

మెతోది మాస్కు ఒకసారి అటు, ఒకసారి ఇటు తిరిగింది. పారిపోవడానికి దారి వెతుక్కున్నట్టుంది. ఎవరూ దారివ్వలేదు.

"అలాగే" అన్నాడు. మూడుసార్లు నేల తన్నాడు.

నెవెనా ఆ వారం తిరక్కుండానే పోయింది. నిద్రలో పోయింది. నేను ఆ రోజు వెలికో తర్నొవో పట్నంలో మంచు కప్పిన కోటని ఫోటోలు తీస్తున్నాను, స్పాస్కా ఫోన్ చేసింది. పని మధ్యలో వదిలేసి వచ్చాను.

ఫోటోలో మెతోది మొహం ఒక్కటే కత్తిరించి రాయి చెక్కే ఆయనకి ఇచ్చాను. అతను పెదవి విరిచాడు. రాయి మీద మనిషి ఎదురుగా చూడాలమ్మా, ఈయన కిందికి, పక్కకి చూస్తున్నాడు, ఇంకొకటి ఇవ్వమన్నాడు. ఇంకొకటి లేదు, ఉన్నా ఇవ్వనన్నాను. నాతో గొడవెందుకని బిగించాడు. ఇప్పుడు ఎడమ గుంటలో ముప్పై దాటిన నెవెనా, జుట్టు బాగా కుదిరి, దారిన పోయేవాళ్ళని చూసి నవ్వుతూ ఉంటుంది. కుడి గుంటలో మెతోది ఆమెకేసి చూస్తూ ఉంటాడు. తండ్రీకూతుళ్ళని ఎవరూ అనుకోరు.

మరుసటి సుర్వాకి నేను ఒక్కదాన్నే వెళ్ళాను. ఎవరినీ వెంట తీసుకెళ్ళలేదు. మెతోది చిక్కిపోయాడు, మాస్కు ఊగిపోతోంది. ఈకలు మాత్రం అన్నీ కొత్తవి. మైల ఇంట్లో గంటలేంటని కొందరు ముసలివాళ్ళు గొణిగారట, గానీ అడ్డం వచ్చినవాళ్ళు లేరు. ఈసారి వంతెన మీద ఆగలేదు. వాకిలి తర్వాత వాకిలి ఆడుకుంటూ, వేళకి తన ఇంటికి వచ్చాడు. గేటు ముందు నిలబడి గంటలు కదిపాడు. లోపలనుంచి ఎవరైనా వచ్చి తీయాలి. కాసేపు ఆగాడు. తర్వాత చేయి లోపలికి పెట్టి గడియ తనే తీసుకుని, వాకిట్లోకి వెళ్ళి ఆడాడు.

ఆడాక, గుంపంతా చూస్తుండగా, మూసి ఉన్న తలుపు ముందుకొచ్చి నిలబడి ఇంటామెకి ఏం కావాలని అడిగాడు. నా పక్కన స్పాస్కా తల రుమాలు అంచు నోటికి అడ్డం పెట్టుకుంది. మెతోది తలుపుకేసి కొంచెం వంగి, ఆమె ఏదైనా చెప్పడానికి ఎప్పుడూ తీసుకునేంతసేపు ఆగాడు. తర్వాత తల ఊపి, అలాగే అని మూడుసార్లు నేల తన్నాడు.